ముప్పై ఒకటో ఎపిసోడ్‌లో మొదటి రోగి

అంటువ్యాధులు మూడు రకాలు. గాలి ద్వారా వచ్చేవి, నీటి ద్వారా వచ్చేవి, ఫారం ద్వారా వచ్చేవి. మొదటి రెండింటికీ వైద్యశాస్త్రం ఏవో మందులు కనిపెట్టింది. మూడోదాని విషయంలో మానవజాతి ఇంకా వరుసలోనే నిలబడి ఉంది (టోకెన్ తీసుకుంది, నంబరు పిలవలేదు).

ఈ మూడో రకం వ్యాధి ఒకటి మా కార్యాలయంలో పుట్టింది. పుట్టించింది నేనే. ఈ సంగతి దాచుకునే ఉద్దేశం నాకు లేదు. దాచినా లాభం లేదు, మూడు ప్రతుల మీద నా సంతకం ఉంది.

నేను ఒక ప్రభుత్వ టెలివిజన్ కేంద్రంలో టేపుల గది చూసుకుంటాను. మెట్ల కింద గది. పదకొండు ఇనుప బీరువాలు, ఒక కుర్చీ, ఒక ఏసీ. ఏసీ నా కోసం పెట్టింది కాదు, టేపుల కోసం. నాకు జలుబు చేస్తే సెలవు చీటీ సరిపోతుంది, టేపుకు చెమ్మ తగిలితే విచారణ సంఘం వేస్తారు.

దాదాపు యాభై ఏళ్ల కిందట మా కేంద్రం ఒక అంతరిక్ష నౌక సీరియల్ తీసింది (పేరు రాయడం లేదు, పేరు వాడుకోవడానికి వేరే ఫారం ఉంది). రెండు వందల పన్నెండు మంది సిబ్బంది ఉన్న నౌక వారానికొక కొత్త గ్రహం మీద దిగుతుంది. ఆ గ్రహాలన్నీ మా కేంద్రం వెనకున్న కంకర క్వారీలోనే ఉండేవి. ముప్పై ఒకటో ఎపిసోడ్‌లో ఒక చచ్చిపోయిన గ్రహం మీద ఒక సిబ్బంది మనిషి వట్టి చేత్తో ఒక రాయి పట్టుకుంటాడు. దాంతో జబ్బు అంటుకుంటుంది. ఆ జబ్బుకు జ్వరం లేదు, దద్దుర్లు లేవు. మనసులో ఉన్న మాట నోట్లోంచి వచ్చేస్తుంది, అంతే. ఒకరిని ఒకరు తాకితే వ్యాపిస్తుంది. అరగంటలో నౌకంతా పాకుతుంది. వంటవాడు తాను వండింది తానెప్పుడూ తినలేదంటాడు. ఉపనాయకుడు నాయకుడి కుర్చీ కొలతలు తీసుకోవడం మొదలుపెడతాడు. ఎవరి పని వాళ్లు మానేసి నిజాలు చెప్పుకుంటూ ఉండగా నౌక తిన్నగా ఒక సూర్యుడి వైపు వెళ్తుంది. చివరి ఆరు నిమిషాల్లో నౌక డాక్టరు మందు కనిపెడతాడని మా టేపుల రిజిస్టర్లో రాసి ఉంది.

ఆ రాయి పట్టుకున్న మనిషి మా మామయ్య. మా అమ్మకు తమ్ముడు.

మామయ్య నటుడు కాడు, వడ్రంగి. ఆ నౌకను చేసింది ఆయనే. దానంతట అదే తెరుచుకునే తలుపు ప్లైవుడ్ తలుపు. అటొకరు, ఇటొకరు కూర్చుని తాడు లాగేవారు. ఆ వారం వేషం వెయ్యాల్సిన నటుడు వెండి రంగు దుస్తులు ఒంటికి ఎంత బిగుతుగా ఉంటాయో చూసి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ దుస్తులు సరిపోయిన ఒకే ఒక్క నడుము మామయ్యది. అలా రెండు మాటలు, ఒక మూర్ఛ ఆయన వంతుకు వచ్చాయి.

ఎపిసోడ్ ఒక్కసారే ప్రసారమైంది. అప్పటికి మామయ్యకు, అత్తయ్యకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఫలానా రోజు ఫలానా గంటకు టీవీ చూడమని అత్తయ్య వాళ్లింటికి ఆయన కబురు పంపాడు. మర్నాడు తిరుగు కబురు వచ్చింది: సమయానికి కరెంటు పోయిందని. ఇక అంతే. పెళ్లికి ముందు మామయ్య చెప్పిన వాటిలో నిజమో కాదో తేలనిది అదొక్కటే మిగిలింది. మిగతావి అబద్ధాలని ఎప్పుడో తేలిపోయింది.

ఈ ఏడు మామయ్యకు కళ్లలో నీటికాసులు అన్నారు. చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వస్తుంది, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని ఆపరేషన్‌తో నిలబెట్టుకోవాలి అని కంటి డాక్టరు చెప్పాడు. నెలన్నర తర్వాతి తేదీ ఇచ్చాడు. ఆ సాయంత్రం మామయ్య నాతో, "అమ్మాయ్, కళ్లుండగా ఒక్కసారి ఆ ఎపిసోడ్ చూడాలే. నాకోసం కాదు. మీ అత్తయ్యకు చూపించాలి," అన్నాడు.

"నాకేం అక్కర్లేదు," అంది అత్తయ్య లోపల్నుంచి. "ఉంటే కదా చూడ్డానికి."

టేపు బయటకు తీసుకెళ్లకూడదు. నకలు తియ్యకూడదు. బయటివాళ్లను గదిలోకి రానివ్వకూడదు. ఒక టేపును మామూలు మనిషి చూడాలంటే అది ప్రసారం కావాలి, అంతకన్నా దారి లేదు. ఆదివారం మధ్యాహ్నం పాత సీరియళ్లు వేసే గంట ఒకటి మాకుంది (చూసేవారు లేని గంట కనుక దాని మీద ఎవరికీ పోటీ లేదు). ముప్పై ఒకటో ఎపిసోడ్ కోసం ప్రసార అనుమతి ఫారం నింపాను. నాలుగు పేజీలు. పద్నాలుగో గడిలో ఇలా ఉంది: "ఇందు అంటువ్యాధి కలదా? కలదు / లేదు. కలదు అయినచో బాధితుల సంఖ్య."

ఆ గడి అక్కడెందుకుందో మా కార్యాలయంలో ఎవరికీ తెలియదు. క్యాంటీన్ లైసెన్సు ఫారం చూసి ఈ ఫారం తయారు చేశారని ఒక వాదన ఉంది. నేను "కలదు" దగ్గర టిక్కు పెట్టాను. బాధితులు: రెండు వందల పన్నెండు. జాబితాలో "మొదటి రోగి" పాత్రకు ఎదురుగా మామయ్య పేరు, చిరునామా రాశాను. మా పెద్దసారు సంతకం పెట్టారు. కంప్యూటర్‌లో "సమర్పించు" నొక్కాను.

తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి: "ధన్యవాదాలు. మీ అంటువ్యాధి విజయవంతంగా నమోదైంది."

మర్నాడు పదిన్నరకు ఫోను. అవతల అంటువ్యాధుల విభాగం పరిశీలకుడు. గొంతు మర్యాదగానే ఉంది.

"మేడమ్, రెండు వందల పన్నెండు కేసులు పెట్టారు. రోగులు ఎక్కడున్నారు?"

"అంతరిక్షంలో ఉన్నారండీ."

"అది ఏ వార్డు కిందకి వస్తుంది?"

"వార్డు కాదండీ, సీరియల్."

"సీరియల్ నంబరే చెప్పండి, పర్లేదు."

"నంబరు కాదండీ, టీవీ సీరియల్. ముప్పై ఒకటో ఎపిసోడ్."

"ముప్పై ఒకటి." రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "ముందే చెప్పొచ్చు కదమ్మా. ముప్పై ఒకటో వార్డు మా పరిధిలోదే."

"అయ్యో, నా మాట వినండి. ఇదంతా కల్పితం అండీ!"

"కల్పిత ఎవరు మేడమ్? పేషెంటా?"

అలా రోగుల సంఖ్య రెండు వందల పదమూడుకు చేరింది.

నాలుగో రోజుకు నివేదిక వచ్చింది. ముప్పై ఒకటో వార్డులో ఇల్లిల్లూ గాలించినా రోగులు దొరకలేదనీ, చిరునామా ఇచ్చిన మొదటి రోగి తప్ప, కల్పితతో సహా అందరూ పరారీలో ఉన్నారనీ, అందువల్ల వ్యాధి తీవ్రమైనదిగా భావించడమైనదనీ అందులో ఉంది. వ్యాధికి మూలం టేపు కాబట్టి టేపును నలభై రోజులు నిర్బంధంలో ఉంచాలని ఉత్తర్వు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఇద్దరు మనుషులు వచ్చి ఏడో నంబరు బీరువాకు లక్క సీలు వేశారు. టేపుల మీద మందు చల్లబోతే అడ్డుపడ్డాను. నా మీద చల్లి వెళ్లారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. ఐదో రోజు అత్తయ్య ఫోను చేసి, "మన గుమ్మానికి ఏదో అంటించారే, ఒకసారి రా," అంది.

వెళ్లేసరికి అత్తయ్య వీధి తలుపు ముందు నిలబడి కళ్లజోడు సర్దుకుంటూ చదువుతోంది. అది మూడోసారి చదవడమని తర్వాత తెలిసింది. నోటీసులో ఇలా ఉంది: "ఈ గృహమందు అంతరిక్ష నౌక సిబ్బందికి చెందిన మొదటి రోగి నివసించుచున్నారు. తాకరాదు."

చింపబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమండీ," అంది లోపలికి చూసి, "నిజంగానే చేశారా మీరు?"

"నలభై ఎనిమిదేళ్ల నుంచి చెబుతున్నాను కదే!"

"మీరు చాలా చెప్పారు. ఇది ప్రభుత్వం చెబుతోంది."

ఆ నోటీసు అక్కడే ఉండిపోయింది. అత్తయ్య దానికి నాలుగు మూలలా టేపు కూడా అంటించింది, గాలికి లేవకుండా. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, మూల మీది దర్జీ, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడి చూసి వెళ్లారు. మామయ్య గేటు మీద మోచేతులు ఆనించి తాడు తలుపు కథ చెప్పేవాడు. అత్తయ్య పక్కన నిలబడి, ఆయన మర్చిపోయిన చోట అందించేది. నలభై ఎనిమిదేళ్లు నమ్మకుండా విన్న కథ ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

ఆ వైభవం తొమ్మిది రోజులు సాగింది. పదో రోజు ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కోసం కంటి ఆసుపత్రికి వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి తెర వైపు చూసి, కాసేపు తటపటాయించి అంది:

"తాతగారూ, మీ పేరు ఎర్రగా వస్తోందండీ."

"ఏ రంగో నాకు సరిగా తెలియడం లేదనే కదమ్మా ఇక్కడికొచ్చింది."

"అంటువ్యాధి ఉన్నవాళ్లకు ఆపరేషన్ చెయ్యరండీ. పచ్చరంగు వచ్చాక రండి."

డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. మంచి మనిషి. మొత్తం విన్నాడు. ఒక్కసారి నవ్వాడు కూడా. "నేను చెయ్యడానికి సిద్ధమేనమ్మా. కానీ ఆపరేషన్ థియేటర్ కేటాయించేది ఆ ఎరుపు చూపించే ప్రభుత్వ యాపే. ఈ తేదీ పోతే నాలుగు నెలల తర్వాతే మళ్లీ తేదీ." కాగితాల మీద ఉన్న నల్లటి మచ్చల బొమ్మ నాకు చూపించాడు. "నాలుగు నెలలు ఆగేంత చూపు ఆయన దగ్గర లేదు."

ఇంటికి తిరిగొచ్చాం. అత్తయ్య తాళం తీసి లోపలికి వెళ్లింది. మామయ్య మాత్రం నోటీసు ముందు ఆగిపోయాడు.

"అమ్మాయ్, దీన్నొకసారి చదివి పెట్టు."

"రోజూ అందరికీ చదివి వినిపిస్తున్నావుగా మామయ్యా?"

"మీ అత్తయ్య చదువుతుంటే విని కంఠతా పట్టాను."

చదివాను. చివరి 'తాకరాదు' మాత్రం గబగబా చదివేశాను.

"ఆ మాట పెద్దక్షరాల్లో ఉందా?" అన్నాడు.

"పెద్దక్షరాల్లోనే ఉంది."

తల ఊపి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లాడు. (ఇక్కడ బ్రాకెట్లలో పెట్టడానికి నాకేమీ తోచలేదు.)

మర్నాడు సెలవు పెట్టి అంటువ్యాధుల కార్యాలయానికి బయల్దేరాను. అత్తయ్య నేనూ వస్తానని చెప్పులేసుకుంది. టోకెన్ నంబరు ఎనభై ఎనిమిది. నాలుగో కిటికీలో మా టోకెన్ చూసి ఏడో కిటికీకి పంపారు. ఏడో కిటికీలో మనిషి లేడు, మనిషి వస్తాడన్న బోర్డు ఉంది. భోజనాల వేళ దాటాక ఒక గది తలుపు తెరుచుకుంది. తలుపు మీద "ఉపసంచాలకులు (అంటువ్యాధులు, కుక్కకాట్లు, ఇతరములు)" అని రాసి ఉంది. మా కేసు ఇతరములలోకి రాదని ఆయన కూర్చోమనడానికి ముందే స్పష్టం చేశారు.

"రోగికి నయమైందని రుజువు కావాలి," అన్నారు.

"సార్, ఆయనకు అసలు రోగమే రాలేదు."

"రాలేదని రుజువు ఉందా?"

"అది నటన సార్."

"సరే. చికిత్స ఎవరు చేశారు?"

"నౌక డాక్టరు చేశాడు. అంటే డాక్టరు వేషం వేసినాయన."

"ఆయన రిజిస్టరైన డాక్టరేనా?"

"బస్సు కండక్టరు సార్. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది."

ఉపసంచాలకులు కలం తీసి, "చికిత్స చేసిన వైద్యుడు కూడా మరణించెను," అని రాసి కింద ఎర్రగీత గీశారు.

"నయమైనట్టు టేపులోనే ఉంటుంది సార్," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. "చివరి ఆరు నిమిషాల్లో."

"మరి టేపు సమర్పించండి."

"దానికి మీరే సీలు వేశారు."

"అవును."

"సీలు ఎప్పుడు తీస్తారు?"

"రోగికి నయమయ్యాక." తాను కట్టించిన ఇల్లు చూసుకునే మనిషిలా ఆయన ముఖం వెలిగింది. "చూశారా, నిబంధనలు ఎంత పకడ్బందీగా ఉన్నాయో."

అత్తయ్య సంచీ ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"బాబూ, మా ఆయన్ని మీరు చూశారా?"

"లేదమ్మా."

"మీవాళ్లెవరైనా చూశారా?"

"నోటీసు అంటించినవాళ్లు ఇంటిని చూశారు."

"మనిషిని చూడకుండా ఈ మనిషే ఆ మనిషని ఎలా చెప్పారు? నేను నలభై ఎనిమిదేళ్లు ఇంట్లో పెట్టుకుని చూసి కూడా చెప్పలేకపోయాను."

ఆయన నవ్వబోయి ఆగి, లావుపాటి పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పుతున్న కొద్దీ ముఖంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. తొమ్మిదో నిబంధన ప్రకారం రోగిని వ్యాధి మూలంతో స్వయంగా సరిపోల్చి గుర్తించాలి. గుర్తించకుండా నోటీసు అంటిస్తే దాని బాధ్యత ఉపసంచాలకులది. సరిపోల్చడానికి మాత్రం సీలు తీయవచ్చు.

"గురువారం పదకొండింటికి," అన్నారు ఆయన, పుస్తకం మూసేస్తూ. "మాస్కులు తప్పనిసరి."

గురువారం మెట్ల కింద గదిలో ఏడుగురం ఇరుక్కున్నాం. ఉపసంచాలకులు, పరిశీలకుడు, మా పెద్దసారు, యాప్ తయారు చేసిన కంప్యూటర్ నిపుణుడు, ముగ్గురు మేము. అందరికీ మాస్కులు, రబ్బరు తొడుగులు. సీలు పగలగొట్టారు. నేను టేపు పెట్టి, పాత యంత్రాన్ని ఎప్పటిలా పక్కనుంచి ఒక దెబ్బ వేశాను. తెర మీద బూడిదరంగు క్వారీ కదిలింది.

మామయ్యను ముందు కూర్చోబెట్టాం. తెరకు జానెడు దూరంలో, తల పక్కకు తిప్పి, మిగిలిన చూపుతో వెతుక్కుంటున్నాడు. నౌక తలుపు తెరుచుకుంది. కుడి రెక్క ముందు, ఎడమ రెక్క కాసేపటికి.

"ఎడమ తాడు లాగేవాడికి ఆ రోజు దగ్గు," అన్నాడు మామయ్య.

తలుపులోంచి బయటికి వచ్చినవాడికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఒళ్లంతా వెండి రంగు. వంగి రాయి తీసుకుని, దాన్ని చెంపకు ఆనించుకుని, "ఈ రాయి వెచ్చగా ఉంది," అన్నాడు. గొంతు ఇదే గొంతు.

అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"నడుము అంత సన్నగా ఉండేదా?" అంది.

"గుర్తింపు పాక్షికం," అని ఉపసంచాలకులు రాసుకున్నారు.

తర్వాతి దృశ్యంలో మామయ్య నౌక ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. నాయకుడు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మామయ్య కళ్లు తెరిచి అడిగాడు: "సార్, మనం ఎక్కడికి పోతున్నామో మీకు తెలియదు కదా?" నాయకుడి ముఖం చాలాసేపు తెర మీద నిలిచింది. "తెలియదు. ఎప్పుడూ తెలియలేదు," అన్నాడతను. మామయ్య చక్కగా మూర్ఛపోయాడు.

అత్తయ్య తొడుగు విప్పేసి పక్కనున్న మామయ్య చెయ్యి పట్టుకుంది. పరిశీలకుడు అభ్యంతరం చెప్పబోయి, ఏమనుకున్నాడో, తెర వైపు తిరిగాడు.

జబ్బు నౌకంతా పాకింది. సూర్యుడు కిటికీలో పెద్దదవుతున్నాడు. చివరికి డాక్టరు ఒక సీసా వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "దొరికింది!" అని అరిచాడు. తెర ఒకసారి చారలు చారలుగా మారి, మళ్లీ స్థిరపడింది. ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి వంతెన గురించి మాట్లాడుతున్నారు.

టేపులు కరువుగా ఉన్న ఏదో ఏడాదిలో ఎవరికో ఆరు నిమిషాల చోటు కావలసి వచ్చింది. వంతెన పొడవు, వెడల్పు, దానివల్ల కలగబోయే ప్రయోజనాలు. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. టేపు అయిపోయింది. రెండు వందల పన్నెండు మందీ ఇంకా సూర్యుడి వైపు వెళ్తూనే ఉన్నారు.

"నయమైనట్టు ఆధారం లేదు," అన్నారు ఉపసంచాలకులు. "సీలు వేసెయ్యండి."

మామయ్య లేచి నిలబడ్డాడు. ఎవరెక్కడున్నారో ఆయనకు కనబడటం లేదు. గొంతు వచ్చిన వైపు తిరిగాడు. కోపంగా లేడు. ఒకే బస్సులో తప్పు దారిన పోతున్నవాడు పక్క సీటువాణ్ణి అడిగినట్టు అడిగాడు:

"సార్, ఎక్కడికి పోతున్నామో మీకు కూడా తెలియదు కదా?"

ఉపసంచాలకులు మాస్కు కిందికి లాగారు. మాస్కు లేకుండా ఆయన చాలా అలసిపోయిన మనిషి.

"తెలియదండీ," అన్నారు. "ఇది నాటకమని మొదటి రోజే తెలుసు. మా దగ్గర పద్దెనిమిది గడులున్నాయి. నాటకం అని రాయడానికి గడి లేదు. ఖాళీ వదిలేస్తే ఫైలు వెనక్కొస్తుంది. వెనక్కొస్తే ఎందుకొచ్చిందని అడుగుతారు."

"నేను ముప్పై ఒకటో వార్డుకు వెళ్లలేదు సార్," అన్నాడు పరిశీలకుడు వెంటనే, ఎవరో వెనకనుంచి తోసినట్టు. "టీ కొట్లో కూర్చుని రాశాను. కల్పిత గారి కోసం కూడా వెతకలేదు."

మా పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "నేను ఇరవై రెండేళ్లుగా ఏ ఫారమూ చదవలేదు. చదివితే సంతకం పెట్టలేను."

కంప్యూటర్ నిపుణుడు తొడుగుల్లోంచి వేళ్లు లాక్కుంటూ అన్నాడు: "యాప్‌లో 'నయమైంది' అన్న మీట లేదండీ. పెట్టడం మర్చిపోయాను. ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు. అంతదూరం ఎవరూ రాలేదు."

నా వంతు వచ్చినట్టు అనిపించింది. "ఆ గడికి అర్థం లేదని నాకు తెలుసు," అన్నాను. "లేదు అని టిక్కు పెడితే అయిపోయేది. అందరికన్నా పద్ధతిగా ఫారం నింపుతానని నాకో పొగరు."

"ఆ రోజు కరెంటు పోలేదండీ," అంది అత్తయ్య.

అందరం అటు తిరిగాం. అత్తయ్య మామయ్య వైపే చూస్తోంది.

"మా ఇంట్లో టీవీ లేదు. లేదని చెప్పడానికి నామోషీ వేసింది. కరెంటు పోయిందని చెప్పి పంపాను. తర్వాత ఇక ఆ మాట ఎలా మార్చుకోను? అందుకని మీరే అబద్ధం చెప్పారని అంటూ వచ్చాను."

"నాకు తెలుసులే," అన్నాడు మామయ్య. "మీ ఇంటి మీద యాంటెన్నా లేదు."

"తెలిసి ఇన్నేళ్లూ ఊరుకున్నారా?"

"అడిగితే నువ్వు నొచ్చుకుంటావని."

కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ కాసేపట్లోనే పని జరిగింది. కంప్యూటర్ నిపుణుడు ఒళ్లో చిన్న కంప్యూటర్ తెరిచి, "నయమైంది లేదు కానీ, ఎరుపు పోవడానికి ఇంకో మూడు దారులున్నాయండీ," అన్నాడు. "మరణించారు. పరారీ. లేదంటే పరిధి దాటి వెళ్లారు."

"చనిపోయారని పెడితే ఆసుపత్రివాళ్లు ఒప్పుకోరు," అన్నారు పెద్దసారు. ఆయన ఒక విషయం మీద ఆలోచించి అభిప్రాయం చెప్పడం నేను వినడం అదే మొదలు.

"పరిధి దాటారని పెట్టండి," అన్నారు ఉపసంచాలకులు.

"ఏ పరిధి అని అడుగుతోంది సార్."

అందరూ మామయ్య వైపు చూశారు.

"సౌరమండలం," అన్నాడు మామయ్య.

తెర మీద ఆయన పేరు పచ్చబడింది. అత్తయ్య ఆ పచ్చదనం ఆయనకు కనబడేదాకా యంత్రాన్ని ఆయన కళ్ల ముందు అటూ ఇటూ జరిపింది. ఇంతలో టీ వచ్చింది. తాగడానికి కిందికి లాగిన మాస్కులు, తాగాక పైకి వెళ్లాయి. ఖాళీ కప్పు కింద పెట్టి ఉపసంచాలకులు, "సమావేశం నిబంధనల ప్రకారమే జరిగింది," అని లేచారు. అందరూ అవునన్నారు.

ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. కుడి కన్ను నిలబడింది. ఎడమ కంటిలో నడిమధ్య చూపు మాత్రమే దక్కింది, అంచులు పోయాయి. అదృష్టం ఇంతవరకేనని డాక్టరు అన్నాడు. మామయ్య ఇప్పుడు బల్లలు చెయ్యడం మొదలుపెట్టాడు. గీత గియ్యాల్సి వస్తే అత్తయ్య గీస్తుంది. గీత వంకరగా ఉందని ఆయన, మీకు కనబడదని ఆవిడ, రోజుకు ఒకసారైనా పోట్లాడుకుంటారు. నోటీసు వానకు తడిసి ఊడిపోయింది. ఎవరూ మళ్లీ అంటించలేదు.

ఎపిసోడ్ ప్రసారానికి అనుమతి రాలేదు, అసంపూర్ణమని. వంతెనల శాఖ మాత్రం ఆ ఆరు నిమిషాలు తమవని ఉత్తరం రాసింది. ఇచ్చాం.

మొన్న ఉపసంచాలకుల తుది నివేదిక ఒక ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. పన్నెండు పేజీలు, చక్కగా టైపు చేసి ఉంది. టేపును పరిశీలించే సమయంలో అక్కడున్న నలుగురు అధికారులలోనూ వ్యాధి లక్షణాలు సుమారు పది నిమిషాలపాటు కనిపించినవనీ, టీ సేవించిన అనంతరం పూర్తిగా తగ్గిపోయినవనీ, తిరిగి కనిపించలేదనీ ఆయన నిజాయితీగానే రాశారు. చివరి వాక్యం ఇది: "ప్రభుత్వ కార్యాలయములందు ఈ వ్యాధికి సహజ నిరోధకశక్తి సంపూర్ణముగా ఉన్నందున టీకా ఆవశ్యకత లేదు."